ఒక మాట ఎక్కువ

కమలాపూర్ దాటినంక, కాలువ కట్ట మీద
పదింబావుకు స్కూటీ ఆపిన.
ఆడ మగ వరి పూతకొచ్చి మూడో రోజు.
ఎండ ఇంకింత ముదిరితే గింజ నోరు తెరుస్తది.
తెరిచి గంటన్నర, అంతే, మళ్ళ మూస్తది.
ఆ గంటన్నర కోసం ఓదెలు
తాడు కొస పట్టుకొని ఈ గట్టున,
ఆయన బామ్మర్ది ఇంకో కొస పట్టుకొని ఆ గట్టున.

తాడు మగసాళ్ళ మీదుగా పోయింది.
పసుప్పచ్చ పొగ లేచి
ఆడసాళ్ళ మీద వాలింది.

"మేడం, గీ ఆడవరికి ఏం తక్కువైంది?
పూత మంచిగనే పూస్తది,
పుప్పొడి మాత్రం వట్టి తాలు."

తక్కువ కాలేదు ఓదెలన్నా.
ఒక మాట ఎక్కువైంది.

ఎట్ల చెప్పాలె?
ప్రతి కణంలో చిన్న చిన్న కొలుములుంటయి,
మైటోకాండ్రియా అంటం.
ఎన్నడో బయటినుంచి వచ్చి ఇక్కడ్నే ఉండిపోయినయి.
తమ చదువంతా కేంద్రకానికి రాసిచ్చి
నలభయ్యో యాభయ్యో మాటలు మాత్రం
కొంగున ముడేసుకున్నయి, ఇయ్యలే.
ఆ కొన్నీ సరిగ రాయరాదు వాటికి.
యురాసిల్ ఉండాల్సిన చోట సైటోసిన్ రాస్తయి,
ఒక్కోసారి మొట్టమొదటి మాటలోనే.
ఎవరన్న వచ్చి దిద్దేదాకా
ఎక్కడ మొదలువెట్టాల్నో తెల్వక
రైబోసోము నిలవడతది,
కాజీపేట అవుటర్‌ల గూడ్సు బండి లెక్క.

దిద్దేటోళ్ళు కేంద్రకం పంపితే రావాలె.
చదివే రైబోసోముకు సగం సామాను అక్కడిదే.
పంపకుంటే కొలిమి ఆరుతది.
ఎక్కువ పంపినా కష్టమే;
సగం సగం కలిసి ఒక యంత్రం కావాలె గద,
అటు చక్రాలు ఇటు ఇరుసులు లెక్క కుదరాలె.

ఈ ఆడవరి కొలిమిల
పాత ముక్కలేవో తెగి, తప్పుగ అతుక్కొని
ఎవరూ అడగని మాటొకటి పుట్టింది.
ఆకు దాన్ని ఓర్చుకుంటది, వేరు ఓర్చుకుంటది.
పుప్పొడికి పాలుపట్టే పొర ఓర్చుకోదు.
ఆకలి మీదున్న పొర అది,
ఆ నాలుగు రోజులు కొలుములన్నీ భగభగ మండాలె.
అప్పుడే ఆ మాట ప్రోటీనై నిలబడితే
పొర ముందే చచ్చిపోతది.

"మరి మగదానికి?"

మగదాని దగ్గర తాడుంది.
నీ చేతిల తాడు లెక్కనే, కాకపోతే మెలికల మెలికల ప్రోటీను.
ఒక్కో మెలిక ఒక్కో అక్షరాన్ని పట్టుకుంటది.
కొన్ని తాళ్ళు ఆ రాతను పట్టి తెంపిస్తయి.
కొన్ని తెంపవు, మీద పండుకుంటయి.
రాత అట్లనే ఉంటది, చదువుడే ఆగుతది.
బిడ్డకు కొలిమి తల్లిది, తాడు తండ్రిది.
అందుకే రేపటి వరి పండుతది.

ఓదెలు పండ్లన్నీ కనవడేటట్టు నవ్విండు:
"అంటే నోర్మూసుడు నేర్పుతదన్నట్టు!"

సాళ్ళ నడుమ వంగిన కనకవ్వ నవ్వలేదు.
"ఎవల నోరు ఎవలు మూస్తుండ్రో
గది జూడాలె బిడ్డా" అన్నది.
నాకు అంతా ఒక్కతీరే కనవడ్డ మడిల
మూడు కేళీలు పీకి గట్టు మీదేసింది.
ఎట్ల గుర్తువట్టినవంటే
చెప్పరాదు, అవుపడతయి, అన్నది.

ఓదెలు మళ్ళ తాడందుకున్నడు.
నేను కంకులు కోసి డబ్బాలో పెట్టుకున్న.

రాత్రి హన్మకొండల, ల్యాబులో కరెంటు వచ్చినంక
అయోడిన్ చుక్కేసి సూక్ష్మదర్శిని కింద చూసిన.
ఆడవరివి పసుప్పచ్చగ, ముడుచుకొని.
నిరుటి సంకరం బిడ్డవి నల్లగ, గుండ్రంగ,
మినుములు గుమ్మరించినట్టు.
పద్నాలుగు లెక్కవెట్టిన.
పదిహేనోది సగం నలుపు, సగం పసుపు.

నోట్‌బుక్కుల దాన్ని ఏ గడిలో రాయాల్నో తెల్వలే.
కనకవ్వకు ఫోన్ లేదు.